లంకెలూ, లంకెబిందెలూ

1990లో అమెరికాలో ఈస్ట్‌గేట్ సిస్టమ్స్ అనే చిన్న సంస్థ ఒక కథని పుస్తకంగా అచ్చువేయకుండా ఫ్లాపీ డిస్కులో పెట్టి అమ్మింది. కథ పేరు ‘ఆఫ్టర్‌నూన్, ఎ స్టోరీ’. రాసినవాడు మైకేల్ జాయిస్. పీటర్ అనే మనిషి పొద్దున దారిలో ఒక కారు ప్రమాదం చూస్తాడు. పోయినవాళ్లు తన మాజీ భార్యా, కొడుకేనేమో అన్న అనుమానం మధ్యాహ్నమంతా అతన్ని తొలిచేస్తుంది. ఈ కథంతా 539 చిన్న చిన్న తెరలుగా ఉంటుంది, వాటిని కలుపుతూ 951 లింకులు. అయితే తెర మీద చూస్తే ఒక్క లింకూ కనిపించదు. రంగు మారిన మాట లేదు, కింద గీత లేదు. ఏదో ఒక మాట మీద నొక్కితే కథ ఒక పక్కకి తిరుగుతుంది, ఇంకో మాట మీద నొక్కితే ఇంకో పక్కకి. లింకు లేని మాట మీద నొక్కితే తన మామూలు వరసలో తర్వాతి తెరకి పోతుంది. దాంతో పాఠకుడికి తను దారి మళ్లాడో, కథే నడిపించుకుపోతోందో తెలియదు. కొన్ని తెరలైతే ముందు ఫలానా తెరలు చదివి వచ్చినవాళ్లకి తప్ప తెరుచుకోవు. లింకుని తెలుగు వికీపీడియాలో లంకె అంటారు. ఆ మాట వినగానే మనకి లంకెబిందెలు గుర్తొస్తాయి కాబట్టి జాయిస్ చేసిన పని ఇంగ్లీషు పాఠకుడి కంటే మనకే తొందరగా తలకెక్కుతుందేమో. రెంటినీ కలిపి కట్టేది లంకె. పాతిపెట్టి ఉండి, తవ్వినవాడికే దక్కేవి లంకెబిందెలు. హైపర్‌టెక్స్ట్ కథ ఈ రెంటిలో ఎటు మొగ్గాలన్నది మూడు దశాబ్దాలు దాటినా తెగని పంచాయితీ.

హైపర్‌టెక్స్ట్ అన్న మాటని పుట్టించి, 1965లో అచ్చులోకి తెచ్చినవాడు టెడ్ నెల్సన్. ఒకే వరసలో చదవనక్కర్లేకుండా, మాట నుంచి మాటకీ పేజీ నుంచి పేజీకీ పాఠకుడు తన ఇష్టప్రకారం వెళ్లగలిగే రాత అది. ఇవాళ ఫోన్లో మనం చదివేదంతా దాదాపు అదే. 1987లో జెఫ్ కాంక్లిన్ అనే పరిశోధకుడు అప్పటికి ఉన్న హైపర్‌టెక్స్ట్ వ్యవస్థలన్నిటినీ పరిశీలించి రెండు జబ్బులున్నాయని తేల్చాడు. ఎక్కడున్నామో, ఎలా వచ్చామో తెలియకపోవడం ఒకటి. చదువుతూ చదువుతూనే ఎటు పోవాలో తేల్చుకోవాల్సి రావడంతో బుర్ర మీద పడే అదనపు బరువు రెండోది. ఆ తర్వాత తెర రూపకల్పన చేసేవాళ్లు ఎక్కువగా ఈ జబ్బులకి మందు వెతికారు. వెనక్కి వెళ్లే బాణం గుర్తు, మ్యాపు, మెనూ, రంగు వేసిన లింకు, ఎక్కడున్నామో చెప్పే పై వరస, అన్నీ ఈ బాపతే. రైలు టికెట్టు కొనే సైటుకీ, మందుల వివరాలిచ్చే పేజీకీ ఈ మందు తిరుగులేనిది. టికెట్టు కొనేవాడు దారి తప్పితే అందులో అందమేమీ లేదు. చిక్కల్లా ఈ సూత్రాన్ని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి కథ మీద పెట్టినప్పుడే వస్తుంది. కథలో దారి చూపే గుర్తులు కథకుడి గొంతులో భాగం. ఏది ఎప్పుడు చెప్పాలి, ఏది దాచాలి, ఎక్కడ ఆగాలి అని కథకుడు మాటలతో చేసే పనినే ఇక్కడ లింకు రంగూ, తెర మీద ఖాళీ జాగా, మ్యాపూ చేస్తాయి. కాబట్టి పాఠకుడు ఎన్నడూ దారి తప్పకూడదన్న నియమం కథకి చెల్లదు. అలాగని ఎంత గజిబిజి చేస్తే అంత కళ అనుకోవడమూ చెల్లదు. నా లెక్కలో కథకి పెట్టాల్సిన పరీక్ష ఒకటే. తాకితే ఎక్కడికి పోతాడో పాఠకుడికి తెలియకపోయినా ఫరవాలేదు గానీ, తాకితే ఏ రకం పని జరుగుతుందో తెలియాలి. తలుపు వెనక ఏముందో ఎంతైనా దాచుకోవచ్చు, అది తలుపన్న సంగతి దాస్తే మాత్రం పాఠకుడు గోడల్ని తడుముకుంటూ మిగిలిపోతాడు.

నీలం రంగు సంగతే చూడండి. 1993లో మొజాయిక్ బ్రౌజరు ఇంకా చదవని లింకుకి నీలం రంగూ కింద గీతా, చదివేసిన లింకుకి ముదురు ఊదా రంగూ పెట్టింది. ఆ ఒరవడి ప్రపంచమంతా పాకిపోయింది. వార్తల పేజీలో ఊదా రంగు అంటే ‘ఇది అయిపోయింది, తర్వాతది చూడు’ అని. కథలో అదే రంగు అబద్ధం చెబుతుంది. ‘ఆఫ్టర్‌నూన్’లో ఒకే తెరకి రెండోసారి వచ్చేసరికి, ఆ మాటలు మాట్లాడుతున్నది మొదట మనం అనుకున్న మనిషి కాదేమో అనిపిస్తుంది. అక్షరం మారదు, అర్థం మారుతుంది. అలాంటి చోట ఊదా రంగు వేస్తే, చదివేశాం గదా అని పాఠకుడు పక్కకి తప్పుకుంటాడు. మళ్లీ మొదటికి రావడం దానంతటది లోపమేమీ కాదు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మళ్లీ శ్మశానం దారి పట్టిన ప్రతిసారీ చందమామ పాఠకులు విసుక్కోలేదు, ఎదురుచూశారు. ఎందుకంటే తిరిగి వచ్చామన్న సంగతి ఆ కథే ఒప్పుకుంటుంది, ప్రతిసారీ అదే బొమ్మ, అదే మొదలు పెట్టి మరీ ఒప్పుకుంటుంది. మార్క్ బెర్న్‌స్టీన్ 1998లో హైపర్‌టెక్స్ట్ కథల్లో కనిపించే అల్లికల్ని వర్గీకరించినప్పుడు ఇలా తిరిగి రావడాన్ని చక్రం అని వేరే పద్దుగానే చూపాడు. గజిబిజికి చాలాసార్లు కారణం లింకులు కావనీ, రాతేననీ కూడా అతని వాదన. ఈస్ట్‌గేట్ సంస్థని నడిపినవాడు అతనే కాబట్టి తన సరుకుని తను వెనకేసుకొచ్చాడని ఎవరైనా అనవచ్చు, అయినా మాటలో పస ఉంది.

మరి జాయిస్ లింకుల్ని పూర్తిగా దాచేశాడు కదా, నేను చెప్పిన పరీక్షలో అతను తప్పినట్టేనా అంటే, సగం తప్పాడనే అంటాను. అతనికి ఒక సాకుంది, అది బలమైన సాకు. పీటర్ తెలుసుకోవాలనుకుంటూనే తెలుసుకోడానికి భయపడుతున్నాడు. ఏ మాట తాకితే నిజం బయటపడుతుందో తెలియకుండా తడుముకునే పాఠకుడి అవస్థా, పీటర్ అవస్థా ఒకటే. అయితే ఆ ఎత్తు ఒక్కసారే పారుతుంది. దాచడమే గొప్పదనం అనుకుని అదే పద్ధతి పట్టుకున్నవాళ్లకి పీటర్ లాంటి కారణం ఉండాలిగా! హైపర్‌టెక్స్ట్ రచయిత స్టువర్ట్ మౌల్త్రాప్ అనుభవం ఇందుకు సాక్ష్యం. అతను 1980లలో బోర్హెస్ కథ ఒకటి ఆధారంగా, మాటల వెనక లింకులు దాచిన ఒక హైపర్‌టెక్స్ట్ తయారుచేశాడు. దాన్ని విద్యార్థుల చేతికిస్తే వాళ్లు ఏ మాట తాకాలో పోల్చుకోలేక, ప్రోగ్రాములో ఉన్న మ్యాపు పట్టుకుని కదిలారు. రచయిత మాటలతో దారులు వేస్తే పాఠకులు బొమ్మ చూసి నడిచారన్నమాట. ఈ సంగతిని మౌల్త్రాప్ దాచుకోలేదు, 1991లో దాని మీద వ్యాసమే రాశాడు. గల్ఫ్ యుద్ధం నేపథ్యంగా అదే ఏడాది ఈస్ట్‌గేట్ ద్వారా వచ్చిన అతని ‘విక్టరీ గార్డెన్’లో మొదట్లోనే ఒక తోట పటం కనిపిస్తుంది. బాటలూ, మలుపులూ, కూడళ్లకి పేర్లూ ఉన్న పటం. దాదాపు వెయ్యి తెరలూ, రెండువేల ఎనిమిది వందల పైచిలుకు లింకులూ ఉన్న కథకి అదొక గడప.

ఇక్కడో అభ్యంతరం వస్తుంది. మ్యాపు చేతికిస్తే ఇంక కథలో మర్మం ఏం మిగిలింది? ఊరంతా కొండ మీంచి చూపించేశాక సందుల్లో తిరగడంలో మజా ఏముంది? మ్యాపంటే అంతా చూపించేది అనుకున్నప్పుడే ఈ ప్రశ్నకి బలం. షెల్లీ జాక్సన్ 1995లో తెచ్చిన ‘ప్యాచ్‌వర్క్ గర్ల్’ చూడండి. మేరీ షెల్లీ 1818 నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ తన రాక్షసుడికి జోడుగా ఒక ఆడరూపాన్ని మొదలుపెట్టి, మధ్యలోనే ముక్కలు చేసేస్తాడు. జాక్సన్ కథలో ఆ ఆడమనిషి బతికి, తన కథ తనే చెబుతుంది. తెర మీద మొదట కనిపించేది అతుకుల శరీరం బొమ్మ. లోపల శ్మశానం అనే భాగంలో ఆమె అవయవాలు ఎవరెవరివో, ఆ చేతులూ కాళ్లూ ఒకప్పుడు ఏ ఆడవాళ్లవో చెప్పే చిన్న చిన్న జీవితాలుంటాయి. అంటే ఇక్కడ మ్యాపే కథానాయిక ఒళ్లు, లింకే కుట్టు. ఎక్కడున్నానో పాఠకుడికి తెలుసు, అయినా ఏమీ విప్పినట్టు కాదు, ఎందుకంటే ‘ఈ చెయ్యి’ అన్న జవాబులోనే ‘ఎవరి చెయ్యి’ అన్న ప్రశ్న దాగుంది. ఇంకో పద్ధతి 2014లో ఇంకిల్ సంస్థ తెచ్చిన ‘80 డేస్’ది. జూల్స్ వెర్న్ నవలని తిరగరాసి, నౌకరు పాస్పార్తూ గొంతుతో మెగ్ జయంత్ చెప్పించిన కథ. తెర మీద భూగోళం తిరుగుతుంటుంది, గడియారం నడుస్తుంటుంది. కానీ ఆ గోళం మీద దారులన్నీ మొదటే గీసి ఉండవు. తోటి ప్రయాణికుడితో మాట కలిపితే ఒక దారి, ఊళ్లో తిరిగితే ఇంకోటి బయటపడతాయి. మ్యాపు ఇక్కడ తెలిసినదాని చిట్టా, పాస్పార్తూకి ఎంత తెలుసో అంతే మనకీ తెలుసు. నవలలో కథకుడు పాత్ర చూపు మేరకే చెప్పడం అనే పాత విద్యని బొమ్మ రూపంలో చేశారు. కెవిన్ లించ్ 1960లో నగరాల మీద రాసిన పుస్తకంలో, మనుషులు ఊరిని పూర్తి నక్షాగా గుర్తుపెట్టుకోరనీ, బాటలూ కూడళ్లూ ఆనవాళ్లూ పట్టుకుని మనసులో కట్టుకుంటారనీ చూపించాడు. మన దగ్గర అడ్రసు చెప్పేవాళ్లెవరూ నక్షా గీయరు, వేపచెట్టు దాటాక ఎడమచేతి పక్క అంటారు. కథకీ వేపచెట్లే కావాలి.

అసలు అభ్యంతరం ఇంతకంటే గట్టిది. కథ చదివేవాడికి కథ కావాలి, ఈ ఎంచుకునే శ్రమ ఎందుకు? దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. కెనడాలో డేవిడ్ మాయల్, తెరెసా డాబ్సన్ 2001లో ప్రకటించిన అధ్యయనంలో ఎలిజబెత్ బోవెన్ కథ ‘ది డీమన్ లవర్’ని కొందరికి మామూలుగా, కొందరికి లింకులు పెట్టి చదవడానికిచ్చారు. లింకులున్న కథ చదివినవాళ్లకి ఎక్కువ సేపు పట్టింది. వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు కథ వెంట నడవడం కష్టమైందన్నారు. మామూలుగా చదివినవాళ్లలో అలా అన్నది పదిమందిలో ఒకరే. ఈ ఫలితాన్ని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. లింకు అన్నది ఊరికే రాదు, పాఠకుడి ధ్యాసలోంచి కొంత తీసుకునే వస్తుంది. అయితే అది ఏ కథో కూడా చూడాలి. బోవెన్ దాన్ని ఒకే వరసలో, పేరా పేరాకీ భయం పెంచుతూ రాసింది. మధ్యలో లింకులు గుచ్చితే ఆ బిగువు సడలకుండా ఎలా ఉంటుంది? కచేరీలో ఆలాపన మధ్యలో శ్రోతని తర్వాత ఏ రాగం కావాలని అడిగినట్టు ఉంటుంది. ఈ అధ్యయనం రుజువు చేసింది నా ఉద్దేశంలో ఇంతే: కథకి లింకులు పైనుంచి అతికిస్తే అవి భారం. అది చిన్న సంగతేమీ కాదు, ఎందుకంటే ఇవాళ్టి ఇంటరాక్టివ్ కథల్లో చాలా భాగం సరిగ్గా ఆ అతికింపు పనే చేస్తున్నాయి. 2009లో క్రిస్ క్లిమాస్ విడుదల చేసిన ట్వైన్ అనే ఉచిత ప్రోగ్రాము వచ్చాక, ప్రోగ్రామింగ్ రాకపోయినా ఎవరైనా ఇలాంటి కథ అల్లే వీలు కలిగింది. రచయితకి తన కథ గళ్లూ బాణాలూ ఉన్న పెద్ద పటంలా కనిపిస్తుంది, పాఠకుడికి ఒక్కో గడి మాత్రమే కనిపిస్తుంది. ఆ పైచూపు మత్తులో రచయిత కనబడ్డ నామవాచకానికల్లా లింకు పెట్టుకుంటూ పోతాడు. బాణాలు పెరుగుతుంటే కథ పెరుగుతోందనిపిస్తుంది. పాఠకుడు చూసేది మాత్రం దద్దుర్లు లేచినట్టున్న పేరా.

లింకుని అలంకారంగా కాక మాటగా వాడితే ఏమవుతుందో అదే ట్వైన్‌లో తయారై 2013లో వచ్చిన ‘డిప్రెషన్ క్వెస్ట్’ చెబుతుంది. జోయీ క్విన్, మరికొందరు కలిసి చేసిన ఈ కథలో మీరు కుంగుబాటుతో ఉన్న మనిషి. ప్రతి తెర చివరా ఏం చేయాలో ఎంచుకోడానికి కొన్ని దారులుంటాయి. వాటిలో అందరికీ మంచిదనిపించే దారి, లేచి హాయిగా పని మొదలుపెట్టడం లాంటిది, కనిపిస్తూనే ఉంటుంది, కానీ దాని మీద కొట్టివేత గీత ఉంటుంది. తాకినా పనిచేయదు. స్థితి దిగజారేకొద్దీ ఇంకా ఇంకా దారులు కొట్టివేతలవుతాయి. ఆ దారిని అసలు చూపించకుండా తీసేయవచ్చు, రూపకల్పన పాఠాల ప్రకారం అదే శుభ్రమైన పద్ధతి కూడా. కానీ ‘లేచి నాలుగడుగులు వేయొచ్చుగా’ అని చుట్టుపక్కలవాళ్లు చెప్పే సలహా ఆ మనిషికీ తెలుసు, తెలిసీ చేతకాదు. ఒక పేజీ వర్ణన చేయలేని పని ఆ ఒక్క గీత చేసింది. నేను చెప్పిన పరీక్షలోనూ ఇది నెగ్గుతుంది: ఏది తెరుచుకుంటుందో, ఏది మూసి ఉందో పాఠకుడికి స్పష్టంగా తెలుసు, ఆ తెలియడమే బాధ.

ఇదంతా బొమ్మల మోజు, సాహిత్యం అక్షరంలో ఉంటుంది గానీ రంగులో ఉండదు అనేవాళ్లున్నారు. వాళ్లకి జవాబు ఈ కథలు చచ్చిపోయే తీరులోనే దొరుకుతుంది. 2020 డిసెంబర్ 31తో అడోబీ సంస్థ తన ఫ్లాష్ ప్రోగ్రాముకి మద్దతు ఆపేసింది. ఆ ఫ్లాష్ మీద కట్టిన కథలూ కవితలూ మామూలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. వాటిలోని వాక్యాలు ఎవరైనా కాగితం మీద ఎత్తి రాసుకోవచ్చు. రాసుకుంటే మాటలు ఉంటాయి, కథ ఉండదు. నవలకి ఫాంటు మారిస్తే నవల చెక్కుచెదరదు. తీసేస్తే కథే లేకుండా పోయేదాన్ని పైపూత అనలేం కదా. అయితే వాళ్ల మాటలో ఒక హెచ్చరిక ఉంది, దాన్ని తీసుకోవాలి. రంగు ఒక్కదాని మీదే అర్థం వేలాడదీస్తే ఎరుపూ ఆకుపచ్చా తేడా పోల్చలేని పాఠకులు బయటే ఉండిపోతారు. చూపు లేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాములైతే లింకు రాగానే అది లింకని పైకే చెప్పేస్తాయి. దాచిన లంకెబిందె అక్కడ దాగదు. కొట్టివేత గీత చెవికి వినబడకపోవచ్చు. మాటలో కూడా ఆ తేడా పలికేలా రాయగలిగినవాడి రూపకల్పనే నిలబడుతుంది.

ఈ లెక్కన తెలుగులో హైపర్‌టెక్స్ట్ కథ రాయబోయేవాళ్లకి సమస్య మొదటి లింకు దగ్గరే ఎదురవుతుంది. లింకు కింద గీత గీయడమనే అలవాటు వత్తులు లేని లిపిది. ‘స్త్రీ’, ‘వస్త్రం’, ‘కృష్ణ’ లాంటి మాటల కింద గీత గీస్తే అది వత్తుల మీదుగా పోతుంది. అక్షరం తగిలినచోట గీతని తుంచేసే బ్రౌజర్లలోనైతే గీత ముక్కలు ముక్కలవుతుంది. బొద్దుగా చేద్దామంటే చిన్న సైజులో మన అక్షరాల్లోని సున్నాలు పూడిపోతాయి. వంపు అక్షరాలు మన లిపి సంప్రదాయంలో లేవు, పెద్దబడి చిన్నబడి అక్షరాలూ లేవు. మిగిలేవి రంగూ, వెనక పలచటి నీడా, వరసల మధ్య జాగా. ఇంగ్లీషు కోసం లెక్కకట్టిన వరసల దూరాన్ని అలాగే ఉంచితే పై వరస వత్తులు కింది వరస గుడుల్ని తాకుతాయి, వేలితో ఒక మాట తాకబోతే ఇంకోటి తగులుతుంది. ఫోను తెర మీద ఇది నిత్యం జరిగేదే.

అక్షరం దాటి వాక్యంలోకి వెళ్తే మాత్రం తెలుగుకి దొరికే వీలు ఇంగ్లీషుకి లేదు. మన మాటల్ని సగంలో కోయలేం. ‘ఇంట్లోకి’ అన్నదాన్లో ఇల్లు ఎక్కడ ఆగి ‘లో’ ఎక్కడ మొదలైందో గీత గీసి చూపండి. కాబట్టి లింకు మొత్తం మాటకే పెట్టాలి. అలా పెడితే విభక్తి కూడా లింకులోకే వచ్చేస్తుంది, వచ్చి దారి చెబుతుంది. ‘బావి’ ఒక్కటే, కానీ ‘బావిలోకి’ తాకితే ఒక వైపు, ‘బావిలోంచి’ తాకితే దానికి ఎదురు వైపు, ‘బావి దగ్గర’ తాకితే అక్కడే నిలబడటం. రంగు మార్చకుండా, బాణం గుర్తు పెట్టకుండా తాకితే ఏ రకం పని జరుగుతుందో మాట చివరే చెప్పేస్తోంది. చూపులేని పాఠకుడికీ అది వినబడుతుంది. ఇక క్రియ సంగతి. ‘రాములమ్మ చీకట్లో బావిలోకి తొంగిచూసింది’ అన్న వాక్యంలో లింకు ‘బావిలోకి’ మీద ఉంటే, ఆత్రం పాఠకుడు ఆమె తొంగిచూసిందో దూకిందో తెలియకుండానే వెళ్లిపోతాడు. క్రియ ముందే వచ్చేసే ఇంగ్లీషు వాక్యంలో ఈ ఇబ్బంది ఉండదు. ఇబ్బందేనా అంటే, రాసేవాడి చేతిని బట్టి. ‘లేచి, దీపం పట్టుకుని, తలుపు తీసి’ అంటూ ఎన్ని అసమాపక క్రియలైనా వరసగా పేర్చుకుంటూ పోయే భాష మనది. వాటిలో ప్రతిదాని మీదా ఒక లింకు పెట్టవచ్చు. ‘తీసి’ మీద తాకినవాడు వాక్యం పూర్తికాకుండానే ఇంకో తెరకి వెళ్తాడు. అక్కడ రాములమ్మ పెళ్లినాటి సంగతి ఉంటుంది, దాని తర్వాత ఆమె అత్తగారి తెర, ఆ వెనక వానకాలం తెర. తలుపు తీసి ఆమె ఏం చేసిందో చెప్పే సమాపక క్రియ పది తెరల అవతల, ఒంటరిగా, ఒకే ఒక్క మాటగా వస్తుంది.